బెత్లెహేము వెనక వైపు

మా శౌరన్నయ్య కట్టిన బెత్లెహేముని మీరు చూసి ఉండాల్సింది, ఒట్టు, చెల్లెల్ని కాబట్టి చెప్పట్లేదు, యూసుఫ్‌గూడలో ఎవర్నైనా అడగండి! మా చర్చి వాకిలి ఎంతుంటుంది, రెండు కార్లు పెడితే మూడోది రోడ్డు మీదే. ఆ కాస్త వాకిట్లో, వేపచెట్టుకీ సందువైపు గోడకీ మధ్య, అన్నయ్య ఊరికి ఊరే కట్టేశాడు. ముందర మోకాలెత్తు ఇళ్ళు, వాటి వెనక జానెడు ఇళ్ళు, ఇంకా వెనక అగ్గిపెట్టెలంత ఇళ్ళు. మధ్యలో వెడల్పుగా మొదలై సన్నబడుతూ పోయే బాట. ఆ చివర దారానికి వేలాడే నక్షత్రం. గేటులోంచి వచ్చి, నేలమీద చాక్‌పీసుతో గీసిన గుర్తు మీద నిలబడి చూస్తే ఊరు మైళ్ళకి మైళ్ళు సాగిపోతున్నట్టే ఉంటుంది! మా అమ్మైతే మొదటిసారి చూసి, "అంత దూరం నుంచి నడిచొచ్చిందా పాపం మరియమ్మ తల్లి, అదీ నిండు నెలల్తో" అని కళ్ళు తుడుచుకుంది.

కాకపోతే ఆ గుర్తు మీదే నిలబడాలి. ఒక్కడుగు పక్కకి వేశారో, ఊరంతా ఒరిగిపోయి, అగ్గిపెట్టె ఇళ్ళ మధ్య గొల్లవాడి బొమ్మ రాక్షసుడిలా లేచి నిలబడుతుంది.

అన్నయ్య పని అదే మరి. సినిమా సెట్లు కడతాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుకి అసిస్టెంటు అన్నమాట, థర్మోకోల్ చెక్కడం, ప్లైవుడ్డుకి రాతిగోడలా రంగెయ్యడం, ఇలాంటివి. సెట్టు కట్టేవాళ్ళకి ఉన్నది ఒకటే నియమం, కెమెరా ఎటుంటే అటే గోడ. కెమెరా చూడని వైపు ఒక్క మేకు కొట్టినా మేస్త్రీ తిడతాడు.

ఇక్కడ కెమెరా ఎవరంటే, రామలింగం గారు. జూబ్లీ హిల్స్‌లో ఉంటారు, చాలా పెద్ద ఆర్ట్ డైరెక్టర్. ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరాలని అన్నయ్యకి ఎప్పట్నుంచో కోరిక. ఆయనింటి గేటు దగ్గర తను వేసిన బొమ్మలు పట్టుకుని ఎన్ని పొద్దుటి పూటలు నిలబడ్డాడో! వాచ్‌మన్ ప్రతిసారీ "సార్ షూటింగ్‌లో ఉన్నారు" అంటాడు. లోపల సార్ దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. అలాంటిది, మా చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి డిసెంబర్‌లో పెట్టే, యేసు పుట్టిన పశువుల పాకల పోటీకి ఈసారి ఆయనే జడ్జి! ఎలా ఒప్పుకున్నారంటే, వాళ్ళమ్మాయికి లెక్కలు చెప్పేది ఒక సిస్టరుగారట, ఆవిడ మాట తీసెయ్యలేక. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం ఆయన తన కాళ్ళతో తను మా చర్చికి నడిచొస్తారు. చాక్‌పీసు గుర్తు మీద నిలబడతారు. చూస్తారు. అన్నయ్య జీవితం అక్కడ ఆ గుర్తు మీద ఉంది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను కరుణాకుమారి, చర్చి యూత్ సెక్రటరీని, డిగ్రీ చదువుతున్నా. మా ఫాదర్ శాంతరాజు గారు మాకు ఆదివారాలు ఒక క్లాసు చెబుతున్నారు, సమాజం గురించి చర్చి ఏమంటుంది అని. పని, కూలి, పేదరికం, హక్కులు, ఎంత బావుంటుందో! అందులో 'ఉమ్మడి మేలు' అనే పాఠం విన్న రోజు నుంచి నాకు నిద్రపట్టట్లేదు. మనిషి తన పూర్తి ఎత్తుకి ఎదగాలంటే చుట్టూ ఏమేం కుదరాలో అవన్నీ కలిపి ఉమ్మడి మేలట. గాలీ వెలుతురూ లాంటిదట, నీకింత నాకింత అని కోసుకునేది కాదట. ఇంకేముంది, షేర్ ఆటోలో పక్కవాళ్ళకి చెప్పా, కాలేజీ క్యాంటీన్‌లో చెప్పా, పానీపూరీ బండి దగ్గర లైన్ తప్పినవాడికి కూడా చెప్పా. ఇంట్లో చెబుతుంటే అమ్మ, "ముందు ఆ ఉమ్మడి గిన్నెలు తోమవే" అంది.

సరే, అసలు కథ ఫిలోమిన అమ్మమ్మతో మొదలైంది.

ఫిలోమిన అమ్మమ్మ మాకు చుట్టం కాదు, కానీ చర్చిలో అందరికీ అమ్మమ్మే. వయసులో ఉన్నప్పట్నుంచీ జూనియర్ ఆర్టిస్టు. తుంటి విరిగాక చక్రాల కుర్చీలో తిరుగుతోంది, ఎవరు కనిపిస్తే వాళ్ళని "ఒరేయ్, నెట్టు" అంటుంది, వాళ్ళు నెడతారు. మా చర్చి వాలు మీదుంది కదా, గేటు దగ్గర మెట్లున్నాయి. కుర్చీలో వచ్చేవాళ్ళకి పక్క సందులోంచి ర్యాంపు. ఆ ర్యాంపు ఎక్కితే నేరుగా చర్చి పక్క తలుపు వస్తుంది. అక్కణ్ణించి వాకిట్లోకి దిగాలంటే మళ్ళీ మెట్లే.

క్రిస్మస్ ముందటి ఆదివారం అమ్మమ్మ కుర్చీ నేనే నెడుతున్నా. ర్యాంపు పైకొచ్చాం. అక్కడ ఆగి, వాకిలి వైపు చూసి, "ఏదే, మీ అన్న కట్టిన ఊరు?" అంది.

నేను చూశా. ఊరు లేదు. అటువైపు నుంచి కనిపించేది ప్లైవుడ్డు చెక్కలు, ఏటవాలుగా ఆనించిన సరుగుడు కర్రలు, బయటికి పొడుచుకొచ్చిన మేకులు, రంగు డబ్బాలు. పైగా అవి పాత సెట్లోంచి తెచ్చిన చెక్కలేమో, మధ్య చెక్క మీద ఎర్ర పెయింటుతో ఇంతింత అక్షరాల్లో 'విలన్ బెడ్‌రూమ్, ఎడమ గోడ' అని రాసుంది.

అమ్మమ్మ చదివింది. ఇక నవ్వు మొదలుపెట్టింది చూడండి, కుర్చీ ఊగిపోతోంది!

"ఒరేయ్ శౌరీ! సత్రంలో చోటు దొరకలేదన్నారు గానీ, మరియమ్మ తల్లిని విలన్ బెడ్‌రూమ్‌లో కనమన్నారట్రా!"

అన్నయ్య చెక్కల వెనక నుంచి తల బయటపెట్టాడు. మొహం కందగడ్డ. "అమ్మమ్మా, అది వెనక వైపు. అటునుంచి చూడకూడదు."

"నేను ఇటునుంచే కదరా వస్తా."

"అంటే... నువ్వు గేటు వైపు వస్తే..."

"మెట్లు ఎక్కించు మరి. వీపున ఎక్కించుకో, వస్తా." మళ్ళీ తనే చెయ్యి ఊపేసింది. "పర్లేదులేరా. పనిచూసుకో. నాకు చెక్కలు కొత్తా?"

అమ్మమ్మ పర్లేదంది గానీ నాకు పర్లేదనిపించలేదు. ఎందుకంటే ర్యాంపు దగ్గర ఆమె ఒక్కతే కాదు. పసిపిల్లల బండ్లతో వచ్చే తల్లులు అక్కడే, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు అక్కడే. గోడ అవతల సందులో మల్లమ్మ ఇడ్లీ బండి ఉంది, ఆమెది మా మతం కాదు, అయినా ప్రతి క్రిస్మస్‌కీ గోడమీంచి పాకని చూసి దణ్ణం పెట్టుకుంటుంది. ఆ సందులో వాళ్ళంతా అంతే. వీళ్ళందరికీ ఈసారి పండక్కి కనిపించేది విలన్ బెడ్‌రూమ్!

వెంటనే యూత్ మీటింగ్ పెట్టించా. లేచి నిలబడి విషయం చెప్పా, ర్యాంపు గురించి, సందు గురించి. అన్నయ్య చెప్పాల్సింది అన్నయ్య చెప్పాడు. "ఆ చూపు ఒక్క చోటు నుంచే కుదురుతుంది. అదే దాని గొప్ప. దాన్ని అన్ని వైపులకీ చెయ్యమంటే అది ఉండదు, బొమ్మరిళ్ళు ఉంటాయి. రామలింగం గారు బొమ్మరిళ్ళు చూసి నన్ను పిలుస్తారా?"

నేనేమో, చాలా న్యాయంగా ఉన్నాననుకుని, ఓటింగ్ పెట్టా. చేతులెత్తమన్నా. ఉంచాలనేవాళ్ళ చేతులు గది నిండా లేచాయి. వద్దనడానికి ఒక్క చెయ్యీ లేవలేదు, అంత బాగుంది మరి ఆ ఊరు, నా చెయ్యి కూడా అన్నయ్య మొహం చూసి లేవలేదు.

"అయితే తేలిపోయింది" అన్నా. "ఎక్కువమందికి మేలు ఏదో అదే ఉమ్మడి మేలు."

మూల కుర్చీలో ఫాదర్ శాంతరాజు గారు కమలాపండు ఒలుచుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "ఏంటమ్మా అన్నావు?" అన్నారు.

"ఎక్కువమందికి ఏది మేలో..."

"మీ ఇంట్లో ఎంతమంది?"

"ఐదుగురం ఫాదర్, నాన్నమ్మతో కలిపి."

"నలుగురు తిన్నారు, నాన్నమ్మ పస్తుంది. ఇంట్లో ఎనభై శాతం భోజనాలయ్యాయని నిద్రపోతారా?"

అందరూ నవ్వారు. నేను కూర్చున్నా.

"ఓటు మంచిదే, పిక్నిక్ ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోడానికి. ఉమ్మడి మేలు అంటే ఎక్కువమందిది కాదు, అందరిదీనూ, ఒక్కొక్కరిదీనూ. ఒకర్ని బయట పెట్టి మిగతావాళ్ళకి చేస్తే అది మిగతావాళ్ళ మేలు. దాని పేరే వేరు."

అన్నయ్య లేచాడు. "మీరు తీసెయ్యమంటే తీసేస్తా ఫాదర్."

"నేననను." ఫాదర్ ఒక తొన అన్నయ్య చేతిలో పెట్టారు. "అందరి కోసం అని చెప్పి నిన్ను నలిపేస్తే అది మాత్రం ఉమ్మడి మేలా? ఆ అందరిలో నువ్వు లేవూ? నీ అవకాశం నాకు తెలుసు శౌరీ. చెయ్యి నీది, పని నీది. ఆలోచించుకో. నేను చేసేది ఒకటే, ఏం కట్టినా దానికి నీళ్ళు చల్లి దీవిస్తా."

తీసెయ్యమని అంటే కోపం తెచ్చుకోవచ్చు. ఇలా అంటే ఏం చెయ్యాలి? అన్నయ్య దారంతా నాకంటే పదడుగులు ముందే నడిచాడు. కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర మాత్రం ఆగి, "నువ్వే మొదలెట్టావు ఇదంతా" అన్నాడు.

"నేనేం చేశా? ఫిలోమిన అమ్మమ్మ..."

"ఆవిడ పర్లేదంది. నువ్వే ఆ పాఠం పట్టుకు తిరుగుతున్నావు. నీకేం తెలుసే, ఆ గేటు ముందు నిలబడితే ఎలా ఉంటుందో? కుక్కని కూడా లోపలికి పిలుస్తారు. నన్ను పిలవరు."

టీ చల్లారిపోయింది.

అప్పుడొచ్చాడండీ మా వెంకటనర్సయ్య మామ. సినిమాల్లో లైట్‌మన్, మా పక్కింట్లోనే ఉంటాడు, యాదగిరి నరసింహస్వామి భక్తుడు, కానీ మా చర్చికి క్రిస్మస్ లైట్లు ప్రతి ఏడాదీ ఆయనే కడతాడు, "దేవుండ్లకు నేనే కరెంటు" అంటాడు. మా ఇద్దరి మొహాలు చూసి విషయం మొత్తం చెప్పించుకున్నాడు.

"గింతేనా? గిదానికి గింత ఫికరెందుకు తమ్మీ! తిప్పుదాం."

"ఏంటి తిప్పేది?"

"బెత్లెహేమునే. కార్ల యాడ్ తీస్తరు గదా, కారును బల్ల మీద బెట్టి గుండ్రంగ తిప్తరు. గా బల్ల మా గోడౌన్‌ల ఖాళీగ పడున్నది. నీ ఊరును దాని మీద బెట్టు, మోటార్ నేనిస్త. జర సేపు గేటు దిక్కు, జర సేపు ర్యాంపు దిక్కు, జర సేపు మల్లమ్మ దిక్కు. అందరికీ కనబడ్తది. నీ పని ఖరాబ్ గాదు!"

అన్నయ్య మొహం వెలిగిపోయింది. నేనైతే మామకి దండం పెట్టేశా. ఇదే కదా ఉమ్మడి మేలు, అందరికీ వంతులు!

మర్నాడు సాయంత్రం పూజ అయ్యాక ట్రయల్. చర్చి జనమంతా వాకిట్లో, ర్యాంపు మీద, మల్లమ్మ గోడ అవతల స్టూలెక్కి. ఫాదర్ గారికి మంచి చోటు అని అందరికంటే ముందు కుర్చీ వేశాం. మామ "యాక్షన్!" అని అరిచి స్విచ్ నొక్కాడు.

కారు బరువుకి పెట్టిన మోటారు అది. కారు ఎక్కడ, థర్మోకోల్ ఊరెక్కడ! బెత్లెహేము గిర్రున తిరిగింది. మొదటి చుట్టులో అగ్గిపెట్టె ఇళ్ళు గాల్లోకి లేచాయి. రెండో చుట్టులో మరియమ్మ తల్లి భర్త జోజప్ప గారు మెల్లిగా వంగి, గొల్లవాడి భుజం మీద పడి, ఇద్దరూ కలిసి కిందికొచ్చారు. ఒంటె మాత్రం విమానంలా వెళ్ళి ఫాదర్ గారి ఒళ్ళో కూర్చుంది.

"బంద్ జెయ్! బంద్ జెయ్!" అని మామ తన మీద తనే అరుచుకుంటున్నాడు.

ఒంటెనీ మిగిలిన బొమ్మల్నీ మళ్ళీ పెట్టి, స్పీడు తగ్గించి తిప్పారు. ఈసారి ఊరు నిదానంగానే తిరిగింది, కానీ ర్యాంపు వైపు ముందు భాగం వచ్చేసరికి మాకందరికీ విలన్ బెడ్‌రూమ్ వచ్చింది. మాకు ఊరొచ్చేసరికి వాళ్ళకి చెక్కలు. అందరూ "ఆఁ, వస్తోంది, వస్తోంది... పోయింది" అంటున్నారు, బస్సు కోసం చూసినట్టు.

"అమ్మమ్మా, చూశావా?" అని కేకేశా.

"చూశానే! నా వంతు ఒంటె గిట్టలతోనే అయిపోయింది!"

జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అన్నయ్య నవ్వలేదు. విరిగిన ఇళ్ళు ఏరుకుంటూ ర్యాంపు దగ్గరికొచ్చి, అమ్మమ్మ కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు. నేను జోజప్ప గారి చెయ్యి అతికిస్తూ పక్కనే ఉన్నా.

"అమ్మమ్మా, నిజం చెప్పు. నీకు నిజంగా పర్లేదా?"

"పర్లేదురా. నేను సినిమాల్లో ఏం చేసేదాన్నో తెలుసా?"

"జూనియర్ ఆర్టిస్టువి."

"అందరూ జూనియర్ ఆర్టిస్టులేరా. పెళ్ళి సీనైతే లోపల కూర్చుని బిర్యానీ తినేవాళ్ళు వేరే. నేను కిటికీ మనిషిని. హీరో ఇంట్లో హీరోహీరోయిన్లు మాట్లాడుకుంటుంటే కిటికీ బయట ఎవరో బుట్ట పట్టుకుని నడిచి వెళుతుంటారు చూడు. అది నేను. నా నడక బాగుంటుందని నన్నే పిలిచేవాళ్ళు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. గోడ అవతల అన్నమాట." నవ్వింది. "రాజుల కోటలన్నారు, బంగ్లాలన్నారు. ఎన్నింట్లో పనిచేశానో. ఒక్కదానికీ ముందు మొహం చూళ్ళేదు. అన్నీ కర్రలూ మేకులే. లోపలికి పిలవరుగా. ఇదిగో, ఇది దేవుడి సెట్టు కదా, దీనికైనా మొహం చూద్దామనుకున్నా. అంతే. నువ్వేం బాధపెట్టుకోకు. నెట్టవే కరుణా, చలేస్తోంది."

నేను ఆమెని నెట్టుకుంటూ వెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తే అన్నయ్య అక్కడే, ఆమె కుర్చీ ఉన్న చోటే కూర్చుని చెక్కల వైపు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే చర్చి వాకిట్లో చప్పుడు! నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి అన్నయ్య గునపంతో ప్లైవుడ్డు పీకేస్తున్నాడు. బాట పోయింది, జానెడు ఇళ్ళు పోయాయి, నేలమీద చాక్‌పీసు గుర్తు మీద సిమెంటు తట్ట పెట్టాడు.

"అన్నయ్యా! ఎల్లుండి పోటీ! ఏం చేస్తున్నావ్?"

"బండెక్కు."

బండి మీద నన్ను ఫిల్మ్‌నగర్ కొండ ఎక్కించాడు. పెద్ద బంగ్లాలు దాటాక రాళ్ళ మధ్య బస్తీ మొదలవుతుంది కదా, అక్కడ ఆపాడు. "చూడు" అన్నాడు. బండరాళ్ళ మీద ఇళ్ళు, ఒకరి కప్పు ఇంకొకరికి వసారా, ఒకరి గోడ ఇంకొకరికి పిట్టగోడ, మధ్యలో మెట్లు, నీలం నీళ్ళ డ్రమ్ములు, ఆరేసిన బట్టలు, రేకుల మీద ఎండుమిరపకాయలు. "దీనికి ముందు వైపు ఎటో చెప్పు."

నేను కొండ చుట్టూ కళ్ళు తిప్పా. ఎటు నుంచైనా ముందే. కింద రోడ్డు నుంచి చూసినా, పై బండ నుంచి చూసినా.

"బెత్లెహేము కూడా కొండ మీదే కదే?" అన్నాడు.

ఆ తర్వాత రెండ్రోజులు మా వాకిలి చూడాలి! పిలవనివాళ్ళు కూడా వచ్చేశారు. అమ్మ సినిమావాళ్ళకి కాస్ట్యూములు కుడుతుంది కదా, మిగిలిన ముక్కలతో జానెడు చీరలు, లుంగీలు కుట్టి తాళ్ళ మీద ఆరేసింది. మల్లమ్మ నూనె డబ్బాల రేకులు కత్తిరించి గోడమీంచి అందించింది, "కప్పులకు వెయ్యుండ్రి, మా ఇంటిక్కూడా గివే" అంటూ. పిల్లలు రాళ్ళు మోశారు. విలన్ బెడ్‌రూమ్‌ని ముక్కలు చేసి మెట్లు చేశాం. వాకిలి మధ్యలో గుండ్రంగా కొండ లేచింది, చుట్టూ ఇళ్ళు, అన్ని వైపుల నుంచీ పైకి పాకే సందులు.

వెంకటనర్సయ్య మామకి మాత్రం చుక్కలు కనిపించాయి. "ఏంది తమ్మీ, ఇటు లైట్ బెడితే అటోళ్ళ కండ్లల్ల గొడ్తున్నది, అటు బెడితే ఇటోళ్ళకు. ఇన్నేండ్ల సంది లైటు వేస్తున్న, గిట్లాంటి దిక్కుమాలిన సెట్టు జూడలే!" చివరికి వేపచెట్టు కొమ్మకెక్కి లైటు పైనుంచి కిందికి వేలాడేశాడు. అప్పుడు ఎవరి కళ్ళలోనూ పడలేదు, అన్ని ఇళ్ళ మీదా పడింది.

అసలు చిక్కు శిఖరం దగ్గరొచ్చింది. పాకకి గోడలొద్దనుకున్నాం, నాలుగు గుంజలు, మీద తాటాకు. కానీ మరియమ్మ తల్లి విగ్రహానికీ జోజప్ప గారికీ వీపులుంటాయి కదా! ఎటు తిప్పినా ఎవరికో ఒకరికి వీపే. అందరం తలలు పట్టుకున్నాం. ఫిలోమిన అమ్మమ్మ ర్యాంపు మీంచి చూసి చూసి, "పిల్లాడు పుడితే అమ్మానాన్నా కెమెరా వైపు చూస్తార్రా? పిల్లాణ్ణి చూస్తారు గానీ!" అని అరిచింది. అంతే, ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టాం. ఎటునుంచి చూసినా ఇద్దరిలో ఒకరి మొహమైనా కనిపిస్తుంది. మధ్యలో గడ్డి మీద బాలయేసు వెల్లకిలా పడుకున్నాడు, ఆయనకి అసలు ముందూ వెనకా సమస్యే లేదు!

పోటీ రోజు మధ్యాహ్నం కారొచ్చింది. రామలింగం గారు దిగారు, తెల్లచొక్కా, నల్ల కళ్ళద్దాలు, వెంట ఇంకో ఇద్దరు జడ్జిలు, ఒక ఫోటోగ్రాఫరు. అన్నయ్య సిమెంటు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

ఆయన గేటు దగ్గర ఆగి నేలవైపు చూశారు. "ఎక్కణ్ణించి చూడాలి?"

"ఎక్కణ్ణించైనా సార్."

"లేదయ్యా, నీ పాయింట్ ఎక్కడ? ఒక్క చోటు నుంచి మైళ్ళ దూరం కనిపించేలా చేశావని సిస్టరుగారు చెప్పారు. దానికోసమే వచ్చా నేను."

"తీసేశాను సార్."

నల్ల కళ్ళద్దాలు తీశారు. "ఎందుకు?"

నేను అందుకుని ఉమ్మడి మేలు గురించి మొదలుపెట్టబోయా, అన్నయ్య నా కాలు తొక్కాడు. మెల్లిగా తనే చెప్పాడు. "అటు ర్యాంపు ఉంది సార్. అక్కడివాళ్ళు ఇటు రాలేరు. వాళ్ళకి చెక్కలు కనిపించేవి."

రామలింగం గారు కొండ చుట్టూ తిరిగారు. ఒకసారి తిరిగి, వంగి, మళ్ళీ తిరిగారు. ఫోటోగ్రాఫరు అవస్థ చెప్పక్కర్లేదు. "సార్, ఫ్రేమ్ కుదరట్లేదు, ఎటు పెట్టినా అవతల జనం పడుతున్నారు" అన్నాడు. నిజమే, ఇటునుంచి చూస్తే కొండ మీదుగా ర్యాంపు వైపు మొహాలు, అటునుంచి చూస్తే గేటు వైపు మొహాలు, గోడమీద మల్లమ్మ మొహం.

"పడనీ" అన్నారు రామలింగం గారు. తర్వాత అన్నయ్యతో, "పోటీకి ఇది పనికిరాదయ్యా. మిగతా జడ్జిలు ఒప్పుకోరు. అవతల చర్చిలో జలపాతం పెట్టారు, నిజం నీళ్ళతో" అన్నారు. కారు వైపు నడిచారు.

ఆ తర్వాత చూడండి, ఇన్నాళ్ళూ వాచ్‌మన్ ఒక్క మాటంటే తిరిగొచ్చేసే మా అన్నయ్య, పరిగెత్తుకుంటూ వెళ్ళి కారు తలుపు పట్టుకున్నాడు!

"సార్! ఒక్క వైపు నుంచి చూసేది కూడా నాకొచ్చు సార్. మొన్నటి దాకా ఇక్కడే ఉంది. మా అమ్మ ఏడ్చింది కూడా. సినిమాకి అదే కట్టాలని నాకు తెలుసు. పండక్కి మాత్రం ఇది కట్టాను."

రామలింగం గారు అన్నయ్యని పైనుంచి కింది దాకా చూశారు. చొక్కా నిండా సిమెంటు, జుట్టులో థర్మోకోల్.

"రెండూ తెలిసి ఇది కట్టావా?"

"అవును సార్."

"పిచ్చోడివయ్యా." నవ్వారు. "జనవరిలో ఆఫీసుకి రా. ఇంటికి కాదు, ఆఫీసుకి, అక్కడ గేటు లేదు. ఉద్యోగం ఇస్తానని చెప్పట్లేదు, నీ పని చూస్తా. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, నా సెట్టుకి నాలుగు వైపులా కట్టావంటే ప్రొడ్యూసర్ నన్ను తరిమి కొడతాడు."

కారు వెళ్ళిపోయింది. అన్నయ్య రోడ్డు మీదే ఎగిరి గంతేశాడు, వెనకొస్తున్న ఆటోవాడు తిట్టాడు, మేం ఆటోవాడికి కూడా కేకు పెట్టాం! షీల్డు జలపాతం చర్చికే వెళ్ళింది. వెళ్ళనీ. మేమంతా వెళ్ళి చూశాం, నిజం నీళ్ళే, బాగుంది కూడా.

సాయంత్రం పూజకి ముందు ఫాదర్ గారు నీళ్ళు చల్లి దీవించారు. లైట్లు వెలిగాయి. నేను ఫిలోమిన అమ్మమ్మని ర్యాంపు మీదికి నెట్టాను. ఆమె జరీ చీర కట్టుకుంది, కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. చూసింది. కింది నుంచి పై దాకా ఒక్కో ఇంటినీ వేలితో లెక్కపెట్టింది. తర్వాత, "ఆ మూడో ఇంటి ముందు ముగ్గు వంకర పోయింది" అంది.

"నేనే వేశా అమ్మమ్మా!"

"తెలుస్తోందిలే."

అన్నయ్యా వెంకటనర్సయ్య మామా వచ్చారు. "అమ్మమ్మా, కుర్చీతో పాటు ఎత్తి అటు వైపు కూడా చూపిస్తాం, రా" అన్నాడు అన్నయ్య.

"ఎందుకురా? అటు నుంచి ఇంకా బాగుంటుందా?"

"లేదు, ఒకేలా ఉంటుంది."

"మరెందుకు ఆయాసం? ఉండు, ఇక్కడే బాగుంది." కొండ మీదుగా అవతలికి చూస్తూ చెయ్యెత్తింది. "ఎవర్రా అది, ఎర్ర స్వెట్టరు పిల్ల, ఇందాకట్నుంచి నాకు చెయ్యి ఊపుతోంది?"

"తెలీదు అమ్మమ్మా. మన చర్చి పిల్లలా లేదు."

"ఎవరైతేనేం, ఊపు, నువ్వు కూడా ఊపు!" అంది, మేం నలుగురం ఊపాం, అటునుంచి ఎర్ర స్వెట్టరు పిల్లతో పాటు ఇంకా బోలెడు చేతులు లేచాయి.